కాళ్లు కోసిన కుర్చీ

"ఆ కుర్చీ నా అంగన్‌వాడీలో ఏటికండీ? పట్టుకుపోండి!"

అనంతగిరి కొండల్లోని ఆ ఊళ్లో దేవీప్రసాద్‌కి దొరికిన స్వాగతం అదీ. నడుము నిలవని నాలుగేళ్ల వెన్నెలకు వారానికోసారి వచ్చి వ్యాయామం చేయించాల్సిన స్పెషల్ టీచర్ అతను. ఆ పిల్ల కోసం ఎత్తైన చెక్క కుర్చీని బైకుకు కట్టుకుని, వానలో తడుస్తూ విజయనగరం నుంచి వచ్చాడు. అంగన్‌వాడీ టీచర్ కృపావతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెన్నెల కోసమేనండీ!"

"పిల్లలందరూ కింద కూకుంటే అదొక్కర్తే పైన కూకోవాలా? పెళ్లికూతురా ఏటి?"

"మీరు పాటలు, గుడ్లు చూసుకోండి టీచర్. వెన్నెలను నాకు వదిలేయండి."

"మీరొచ్చేది వారానికోపాలి. మిగతా రోజులు ఆ గుంట ఒక్కర్తీ గోడ సూసుకుంటా ఉండాలా? మీకొచ్చింది నాకు నేర్పండి. అప్పుడు లోపలికి రండి."

అతనికి ఒళ్లు మండింది. మండుతూనే ఆమె కళ్లలోకి ఇంకోసారి చూశాడు. అదే అతని కొంప ముంచింది.

కుర్చీ వసారాలో మూలపడింది. అతను వెన్నెలను పక్కకు తీసుకెళ్లడం మానేసి, పిల్లల మధ్యే కూర్చుని, ఆ పిల్లను ఎలా పట్టుకోవాలో కృపావతికి చూపించాడు. ఆమె అతనికి పాటలు నేర్పింది. తప్పు పాడితే పగలబడి నవ్వేది. ఆ నవ్వు కోసం అతను వచ్చిన పాటను కూడా చెడగొట్టేవాడు.

కానీ కృపావతి వడ్డనకు లేస్తే వెన్నెల ఒరిగిపోయేది. ఒకరోజు కృపావతి కాఫీ తోట నుంచి రంపం తెచ్చింది.

"కుర్చీ కాళ్లు కోసేద్దాం."

"గవర్నమెంటు కుర్చీ! ఉద్యోగం పోతుంది!" అన్నాడు దేవీప్రసాద్.

"అయితే తప్పుకోండి. నేనే కోత్తాను."

అతను రంపం లాక్కున్నాడు. "నువ్వు గట్టిగా పట్టుకో."

ఆ మధ్యాహ్నం వెన్నెల కాళ్లు కోసిన ఆ కుర్చీలో, అందరి సరసన, నేల ఎత్తులోనే నిటారుగా కూర్చుని, పక్కపిల్ల కంచంలోని గుడ్డు లాగేసుకుంది. అప్పుడే సూపర్‌వైజర్ సత్యకుమారి జీపు దిగింది.

"ఎవరు కోశారిది?"

"నేనే," అన్నారిద్దరూ.

"ఇద్దరికీ మెమో ఇస్తా. కొత్త కుర్చీ వచ్చేదాకా ఆ పిల్లని ఇంటికి పంపేయండి."

"పంపనండి," అంది కృపావతి. "పంపాలంటే నన్ను పంపండి."

"నన్ను కూడా," అన్నాడు దేవీప్రసాద్.

సత్యకుమారి ఇద్దరినీ ఎగాదిగా చూసి, విసురుగా జీపెక్కింది.

"కృపా, మనం పెళ్లి చేసుకుందాం," అన్నాడతను.

"మావోళ్లు ఒప్పుకోరు. మీవోళ్లసలే ఒప్పుకోరు."

"దెబ్బలాడదాం."

"నాకలవాటే. నువ్వు నేర్సుకోవాల."

జీపు ఇంకా కదలనే లేదు. సత్యకుమారి చూస్తుండగానే, పిల్లలందరి ముందూ, కృపావతి అతని చెయ్యి పట్టుకుంది.