ఆటల పీరియడ్‌లో పాడినవాళ్ళు

ఆరుగురు పిల్లల తలలకీ పట్టీలు బిగించి, డాక్టర్ ఫణీంద్ర పక్కకి తప్పుకున్నాడు. "ఇక పాడించండి మేడమ్."

వకుళ టీచర్ శ్రుతి అందించింది. పిల్లలు పాట ఎత్తుకున్నారు. కంప్యూటర్ తెర మీద ఆరు రంగుల గీతలు కాసేపు ఎవరి దారిన అవి నడిచి, రెండో చరణానికి ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి.

"చూశారా?" అన్నాడు డాక్టర్ మెల్లగా. "మనుషులు కలిసి పాడుతుంటే ఊపిరి ఒకే వరసలో పడుతుంది. అప్పుడు 'నేను ఒక్కణ్ణే కాదు' అని మెదడు ఒక సిగ్నల్ ఇస్తుంది. దాన్ని ఈ సెన్సర్లు రికార్డు చేస్తాయి. వీళ్ళ మీద తీసే సీరియల్ చూసేవాళ్ళు ఇలాంటి పట్టీయే పెట్టుకుంటే, పాట వచ్చినప్పుడు అదే సిగ్నల్ వాళ్ళకి అందుతుంది. దీనికి 'తోడు' అని పేరు పెట్టాం."

ఎక్కడో గదిలో ఒంటరిగా కూర్చున్న పిల్లకి ఇది చేరుతుందంటే వకుళకి కళ్ళు చెమర్చాయి. ఒప్పుకున్నది అందుకే.

ఆ ఆరుగురూ అనకాపల్లి హైస్కూల్లో ఆటల పీరియడ్‌లో ఏ జట్టూ కోరుకోని పిల్లలు. తబస్సుమ్‌కి నత్తి. చిన్నంనాయుడు లావు, పరుగెత్తలేడు. స్టెల్లా పొడుగు చూసి అందరూ నవ్వేవారు. గోడవారన నిలబడే వీళ్ళని వకుళ పాత లేబొరేటరీ గదిలోకి పిలిచి పాడించేది. పాడేటప్పుడు తబస్సుమ్‌కి నత్తి ఉండేది కాదు.

వాళ్ళ కథే 'ఆటల పీరియడ్' సీరియల్ అయింది. వాళ్ళ వేషాలు వాళ్ళే వేశారు. టీచర్ వేషం వకుళే వేసింది. మొత్తం అరవై ఎపిసోడ్లు. జనం పట్టీలు పెట్టుకుని ఆదివారం ఒక్కరోజే పన్నెండేసి చూశారు. బజార్లో కనిపిస్తే వకుళకి దండాలు పెట్టారు.

మరుసటి జూన్‌లో, ఆ ఆరుగురూ స్కూలు ముగించి వెళ్ళిపోయాక, పాటల క్లాసుకి పేర్లిమ్మని ఆమె నోటీసు పెట్టింది. ఎవరూ రాలేదు.

గోడవారన పిల్లలు లేక కాదు. ఉన్నారు, కాకపోతే తలకి పట్టీ, చేతిలో ఫోనూ. మణిమాల అనే ఎనిమిదో తరగతి పిల్ల చెంప మీద కాలిన మచ్చ ఉంది. వకుళ వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"రా అమ్మా, పాడుకుందాం."

"పాడుతూనే ఉన్నాను టీచర్. ఇది నాలుగోసారి."

"చూడటం వేరు కదమ్మా."

"ఇందులో తబస్సుమక్క నా పక్కనే నిలబడుతుంది. అక్కడ నా పక్కన ఎవరు నిలబడతారు?"

"నేను నిలబడతాను."

టీచర్ మాట కాదనలేక మణిమాల వచ్చింది. రెండు పంక్తులు పాడింది. గొంతు జీరబోయి, స్వరం పక్కకి జరిగింది. అందరికీ మొదటిరోజు జరిగేదే. ఆ పిల్ల మాత్రం మొహం చిన్నబుచ్చుకుని ఆపేసింది.

"అక్కడ ఇలా అవదు టీచర్," అని పట్టీ పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మరో ఏడాదికి రెండో సీజన్ తలపెట్టారు. కొత్త జట్టు కోసం డాక్టర్ ఊళ్ళన్నీ తిరిగాడు. కలిసి పాడే పిల్లలు ఏ స్కూల్లోనూ దొరకలేదు. చివరికి పాత ఆరుగురినీ విశాఖ ల్యాబ్‌కి రప్పించాడు.

వాళ్ళని చూడాలని వకుళ తొందరగా వచ్చింది. ముందు గదిలో ఆరుగురూ వరసగా కూర్చుని ఉన్నారు. అందరి తలలకీ పట్టీలు, అందరి ఫోన్లలోనూ అదే సీరియల్, తలా ఒక ఎపిసోడ్. తెర మీద స్టెల్లా వేసిన జోకుకి తబస్సుమ్ నవ్వుతోంది. ఆ స్టెల్లా ఆమె భుజానికి ఆనుకునే కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

రికార్డింగ్‌లో అందరూ చక్కగా పాడారు. స్వరం ఎక్కడా తప్పలేదు. తెర మీద ఆరు గీతలు మాత్రం చివరిదాకా విడివిడిగానే నడిచాయి. డాక్టర్ తీగలు మార్చి మూడుసార్లు పాడించాడు. అదే వరస. పిల్లల్ని ముందు గదిలోకి పంపించి, వకుళ వైపు తిరిగాడు.

"అప్పుడు మీరు వాళ్ళకి ఏం నేర్పారో అదే మళ్ళీ నేర్పండి మేడమ్. రెండు నెలలు టైమిస్తాను."

"నేను ప్రత్యేకంగా నేర్పిందేమీ లేదండీ. అప్పట్లో ఆ పిల్లలకి ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేరు."

ఆయన పాత రికార్డింగ్ తెర మీదకి తెచ్చాడు. "సరే, పాత సిగ్నలే కొత్త పాటలకి అతికిద్దాం. చూసేవాళ్ళకి తెలియదు లెండి."

వకుళ ముందు గదిలోకి వచ్చేసింది. ఆరుగురూ అప్పటికే పట్టీలు పెట్టేసుకున్నారు. ఆమె తబస్సుమ్‌ని పేరుపెట్టి పిలిచింది. పలకలేదు. వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

తబస్సుమ్ తల ఎత్తలేదు.

"ఒ... ఒక్క నిమిషం టీచర్," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడు మీ... మీరొచ్చే సీను."