దిగమన్నదెవరు

దాన్ని టవర్ అనడం పేరుకే. మూతపడ్డ సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌసు మీద కట్టిన ఒక్క గది. మూడు వైపులా అద్దాలు, ఎక్కడానికి ఇనుప మెట్లు. పెద్దపల్లి దాటి గుట్టల మధ్యకు వస్తే కనిపిస్తుంది. ఫ్యాక్టరీ వాళ్లు పోయాక, విమానం నడపడం నేర్పే స్కూలొకటి ఆ గదినీ, దాని ముందున్న రన్‌వేనూ తీసుకుని సున్నం వేయించుకుంది. రన్‌వేకు దీపాలు లేవు. పొద్దు గూకేలోపు విమానాలన్నీ నేల మీదికి వచ్చేయాలి.

గదిలో రేడియో ముందు కూర్చునేది మమతారాణి. గోదావరిఖని కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి రాజలింగు బొగ్గుబాయిలో డబ్బాలను తాడుతో లాగే ఇంజను నడిపి రిటైరయ్యాడు. అక్కడ కింది మనిషి ఎన్ని గంటలు కొడితే పై మనిషి అన్నే తిరిగి కొట్టాలి. ఆ తరవాతే తాడు కదలాలి. "తిరిగి కొట్టిండంటే ఇన్నట్టే బిడ్డా. ఇగ ఫికర్ లేదు," అని అన్నం తింటూ చెప్పేవాడాయన. రేడియోలోనూ అదే పద్ధతి. టవర్ చెప్పిన మాటను పైలట్ మళ్లీ అప్పజెప్పాలి. మిగతావాళ్లు ఆ పాఠం బట్టీపట్టారేమో గానీ మమతకు అది ఉగ్గుపాలతో వచ్చింది. తిరిగి చెప్పారంటే చాలు, ఆమెకు ఇక దిగులుండేది కాదు.

ఆ సాయంత్రం గాలిలో ఉన్నది ఒక్క విమానమే. నడుపుతున్నది భవ్యశ్రీ. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే ఇంటి పిల్ల. ఆదిలాబాద్ దాకా ఒంటరిగా వెళ్లి రావడం ఆమెకదే మొదటిసారి. నేల మీద ఉన్నంతసేపూ "మమతక్కా" అంటూ కొంగు పట్టుకుని తిరిగే పిల్ల, రేడియోలో మాత్రం బుద్ధిగా "మేడం" అనేది. నిజానికి ఆ మాటలన్నీ ఇంగ్లీషులో నడుస్తాయి. మనకెందుకా తంటా, తెలుగులోనే చెప్పుకుందాం.

పుష్యమాసం చలి. చుట్టూ చేన్లలో పత్తికట్టె తగలబెడుతున్నారు. గాలి ఆడక పొగ పైకి పోలేదు, వచ్చి రన్‌వే మీదే పడుకుంది. గదిలోకి కూడా కాలిన ఆకు వాసన వచ్చింది. ఆ పొగలోకి మేకల మందొకటి జొరబడితే, కాపలాదారు రాజయ్య జీపు తీసుకుని వెళ్లి తోలేశాడు. తోలడమైతే తోలాడు గానీ, జీపు నడిరన్‌వే మీద మొండికేసింది.

"బిడ్డా, బండి లేస్తలేదు," అన్నాడు చేతి వైర్‌లెస్ సెట్టులో.

"జీపు ఆడ్నే ఇడిసిపెట్టి నువ్వు దూరం జరుగు కాకా. భవ్య వచ్చే యాళ్లయింది."

"అట్లనే. ఇడిసిపెట్టి దూరం జరుగుతున్న."

జీపును లాగడానికి గేటు దగ్గరి ట్రాక్టరుకు ఫోన్ చేసి, మమత పెద్ద రేడియో మైకు అందుకుంది. "రన్‌వే మీద జీపు ఆగింది. దిగొద్దు. నేను చెప్పేదాకా పైనే తిరుగు."

"దిగను మేడం. మీరు చెప్పేదాకా పైనే తిరుగుతా."

తిరిగి చెప్పింది. మమత కుర్చీలో వెనక్కి వాలింది.

కాసేపటికి ఇంజను చప్పుడు వినిపించింది. ఆమె పైకి చూసింది. చప్పుడు పైనుంచి రావడం లేదు. కింద… పొగలోంచి వస్తోంది. రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకు, నేలను రాసుకుంటూ పోతున్నట్టుంది. జీపు ఉన్న చోటికి వెళ్లింది… దాటింది… టక్కున ఆగిపోయింది.

గుద్దుకున్న చప్పుడు లేదు. అరుపూ లేదు. పచ్చి పెట్రోలు వాసన మాత్రం గుప్పున కొట్టింది.

"భవ్యా…" అంది మమత మైకులో. జవాబు లేదు. లేచి తలుపు వైపు రెండడుగులు వేసేసరికి ఇనుప మెట్ల మీద చప్పుడైంది. ఎవరో నింపాదిగా ఎక్కి వస్తున్నారు.

తలుపు తీసుకుని భవ్యశ్రీ లోపలికి వచ్చింది. తెల్ల చొక్కా, మెడలో హెడ్‌ఫోన్లు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

మమతకు ప్రాణం లేచొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పిల్లకేమన్నా అయితే తాను బతికేది కాదనిపించింది. "దిగొద్దన్న గదనే… ఎందుకు దిగినవ్?" అంది చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి మంచులా ఉంది. పైన చలి కదా అనుకుంది.

"మీరే దిగమన్నరు మేడం," అంది ఆ పిల్ల మెల్లగా. పక్క కుర్చీలో కూర్చుని రేడియో వైపే చూడసాగింది.

మేడం ఏంటి… నేల మీద ఎప్పుడూ అలా పిలవదే. భయపడినట్టుంది పాపం, అని సర్దిచెప్పుకుని మమత చేతి సెట్టు తీసుకుంది.

"కాకా, విమానం యాడ ఆగింది?"

"ఏ విమానం బిడ్డా?"

"ఇప్పుడు దిగింది గదా."

"ఏదీ దిగలే. జీపొక్కటే ఉన్నది. చప్పుడైతే నా పక్కకెళ్లే పోయింది గని… జర గాలి గూడ తగల్లే."

మమత సెట్టును బల్ల మీద పెట్టింది. పక్కకు తిరగాలంటే మెడ తిరగలేదు.

అప్పుడు పెద్ద రేడియో గరగరమంది.

"మేడం… మీరు చెప్పినట్టు పైనే తిరుగుతున్న. చీకటి పడుతోంది. పెట్రోలు అయిపోవచ్చింది. దిగొచ్చా?"

భవ్యశ్రీ గొంతు. ఏడుపు ఆపుకుంటున్న గొంతు. పక్క కుర్చీలోని పిల్ల పెదవులు కదల్లేదు.

మమత అద్దంలోంచి చూసింది. గుట్ట పైన, దూరంగా, చిన్న దీపమొకటి గుండ్రంగా తిరుగుతోంది. పిల్ల పైనే ఉంది. చెప్పిన మాట విని ఇంతసేపూ పైనే ఉంది. మరి ఈ పక్కనున్నది…

ట్రాక్టరు ఇంకా రాలేదు. రన్‌వే మధ్యలో పొగ పలచబడ్డ చోట జీపు నల్లగా కనిపిస్తోంది. ఇంకొక్క చుట్టు తిరగమంటే చాలు, ఈలోపు లాగేస్తారు. మమత మైకు ఎత్తింది. బొటనవేలు మీట మీద పెట్టింది. ఇంకా నొక్కలేదు.

"రన్‌వే ఖాళీ. దిగు."

అది మమత గొంతే. మాట్లాడే ముందు సన్నగా గొంతు సవరించుకునే అలవాటుతో సహా. పక్క కుర్చీలోంచి వచ్చింది.

"రన్‌వే ఖాళీ. దిగుతున్న మేడం," అంది రేడియోలో భవ్యశ్రీ. పద్ధతి ప్రకారం తిరిగి చెప్పింది. ఆ గొంతులో ఇప్పుడు ఏడుపు లేదు.

"వద్దు… దిగొద్దు…" మమత మీట నొక్కింది. కీచుమని రేడియో అరిచింది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే వచ్చే అరుపు అది. వదిలి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే అరుపు. ఆమె మాట మీద ఇంకెవరో మాట్లాడుతూనే ఉన్నారు… ఆమె గొంతుతోనే.

గుట్ట మీది దీపం తిరగడం ఆపింది. రన్‌వే వైపు మళ్లి కిందికి వంగింది.

రాజయ్య అయినా దూరంగా ఉన్నాడు, అదొక్కటే మేలు అనుకుంది మమత. అంతలో, ఆమె ముట్టుకోకుండా బల్ల మీదే ఉన్న చేతి సెట్టు పలికింది.

"అట్లనే బిడ్డా. నువ్వన్నట్టే మళ్ల జీపులకెక్కి కూసున్న. తలుపు గూడ ఏసుకున్న."