నానమ్మ ఊపిరి తీసుకునే చోటు

"ఉప్పు ఇటు ఇమ్మని నీ కూతురికి చెప్పు," అన్నారు మాస్టారు.

ఆ కూతురు ఎదురుగానే కూర్చుని ఉంది. ఉప్పు గిన్నె ఆమె మోచేతికి ఆనుకునే ఉంది. అయినా ఆ మాట ముందు తల్లి దగ్గరికి వచ్చి, అక్కణ్ణుంచి కూతురి దగ్గరికి వెళ్ళాలి! ఇద్దరి మధ్యా తను టెలిఫోన్ తీగనైపోయానని ఆ తల్లి కొన్నిసార్లు నవ్వుకుంది. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చిన రోజులే ఎక్కువ...

గొడవంతా ఆల్బమ్ గురించే. మాస్టారు చర్చిలో ఆర్గన్ వాయిస్తూ క్వయర్‌ని నడిపే మనిషి. పిల్లలిద్దరూ మాటలు సరిగా రాకముందే ఆయన పక్కన కూర్చుని కీర్తనలు పట్టుకున్నారు. పెద్దయ్యాక అబ్బాయి డ్రమ్స్ ముందు కూర్చున్నాడు, కూతురు చిట్టి పాట అందుకుంది, అదే క్వయర్లో పెరిగిన ఇద్దరు స్నేహితులు గిటార్లు తెచ్చుకున్నారు. చర్చిలో పాడినంతకాలం ఆయన మీసాల చాటున మురిసిపోయారు. ఇప్పుడో కంపెనీ పిలిచి వాళ్ళచేత పాప్ రాక్ ఆల్బమ్ చేయిస్తోంది. పాటలన్నీ చిట్టి రాసినవే. స్నేహం, దిగులు, దారి తప్పి ఇంటికి చేరడం... ఒక్కదాంట్లోనూ ప్రభువు పేరు లేదు. అదీ ఆయన బాధ! దేవుడిచ్చిన గొంతులో దేవుడికే చోటు లేదా అని ఒక్కసారి అడిగి, ఆ తర్వాత కూతురితో మాట మానేశారు. చిట్టి మాత్రం తక్కువ తిందా? అచ్చం తండ్రి పోలికే! రికార్డింగ్ అయిపోగానే స్నేహితురాలి గదికి మారిపోతానని సంచీ సర్దేసుకుంది.

"అన్ని పాటల్లోనూ ప్రభువే ఉన్నాడమ్మా," అంది తల్లితో. "పేరు రాసి చూపిస్తేగాని నాన్నకి కనబడడు."

ఎవరికని సర్దిచెప్పగలదు ఆ తల్లి? ఆయన కోపం వెనక భయం ఉందని తెలుసు. ఈ పిల్ల పంతం వెనక, నాన్న ఒక్కసారి బాగుందంటే చాలన్న ఆశ ఉందనీ తెలుసు. ఇద్దరిదీ ప్రేమే, ఇద్దరిదీ మొండితనమే, నలిగిపోయేది మాత్రం తను! ఆ సంచీ గుమ్మం దాటితే ఈ ఇద్దరూ మళ్ళీ ఎప్పటికి కలుస్తారో అని తలుచుకుంటేనే ఆవిడ గుండె చెరువయ్యేది.

చివరి పాట రికార్డు చేసే రోజున పిల్లలకి భోజనం పట్టుకుని స్టూడియోకి వెళ్ళింది. అద్దానికి అవతల నలుగురూ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని చెమటలు కక్కుతున్నారు. ఇవతల ఇంజనీరు తల పట్టుకున్నాడు. వాళ్ళ చెవుల్లో టిక్కు టిక్కుమని తాళం మోగుతూ ఉంటుందట, దాన్ని పట్టుకునే పాడాలట. హుషారు పాటలు ఎలాగో గట్టెక్కాయి గాని, ఈ నెమ్మది పాటలో ప్రతి పంక్తి చివరా నలుగురూ కూడబలుక్కున్నట్టు కాస్త ఆగుతున్నారు. తాళం ముందుకు పోతోంది, పాట వెనకబడుతోంది. ఎందుకు ఆగుతున్నారని అడిగితే, పాటంటే అలాగే కదా అని వాళ్ళే తెల్లబోయారు. ఆ ఖాళీలు కంప్యూటర్లో కత్తిరించేస్తానన్నాడు ఇంజనీరు. విసిగిపోయిన చిట్టి సరేనంది.

"కత్తిరించకండి బాబూ!" అంది ఆవిడ. "అది వాళ్ళ నానమ్మ ఊపిరి తీసుకునే చోటు."

అందరూ ఆవిడకేసి చూశారు. అప్పుడు చెప్పింది. అత్తగారికి ఉబ్బసం. అయినా ముందు బెంచీలో కూర్చుని పాడకుండా ఉండేది కాదు. పంక్తి పూర్తయ్యేసరికి పాపం ఆయాసం ముంచుకొచ్చేది. మాస్టారు ఆర్గన్ మీది చిన్న అద్దంలో వాళ్ళమ్మనే చూస్తూ ఉండేవారు. ఆవిడ ఊపిరి తీసుకుంటేగాని ఆయన వేళ్ళు రెండో పంక్తికి కదిలేవి కావు. ఆవిడ పోయి ఏళ్ళయినా ఆ వేళ్ళు ఇంకా ఆగుతూనే ఉన్నాయి... చర్చి మొత్తానికీ అదే అలవాటైంది.

చిట్టి హెడ్‌ఫోన్లు తీసేసి బయటికి వచ్చింది. కళ్ళు నిండిపోయాయి.

"నాన్న మాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?"

"ఆయనకి చెప్పడమే వస్తే నాకీ తిప్పలెందుకే తల్లీ!"

ఆ టిక్కుటిక్కు ఆపించేసి పాట మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మధ్యలో ఎవరూ ఆపలేదు.

ఆదివారం మధ్యాహ్నం మాస్టారు బూట్లు తుడుచుకుంటూ ఉండగా, ఆవిడ ఏమీ చెప్పకుండా ఫోన్లో ఆ పాట పెట్టింది. ఆయన తలెత్తలేదు. మొదటి పంక్తి అయిపోయింది. బ్రష్షు ఆగింది. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. పాట ముగిసేసరికి ఆయన ఒక బూటు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లాడిలా కన్నీళ్ళు కారుస్తున్నారు! పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ ఆయన్ని అలా చూసి ఎరగదు. గుమ్మంలో చిట్టి సంచీతో నిలబడిపోయింది. ఏమంటారోనని తల్లి ప్రాణాలు ఉగ్గబట్టుకుంది.

ఆయన కూతురికేసి తిన్నగా చూశారు.

"రెండో చరణంలో తొందరపడ్డావు చిట్టీ. అక్కడ మా అమ్మకి ఊపిరి అందదు."

"మళ్ళీ పాడతాను నాన్నా," అంది చిట్టి. "మీరొచ్చి వాయిస్తారా?"

ఆయన ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

"వస్తాను. ప్రభువు పేరు పెట్టమని ఇంక అడగనులే," అన్నారు. "మా అమ్మ పేరు మాత్రం ఎక్కడ పెట్టావు? అయినా పాటంతా తనే ఉంది."

చిట్టి సంచీ గుమ్మంలోనే వదిలేసి వచ్చి, ఆయన పక్కన నేలమీద కూర్చుని రెండో బూటు చేతిలోకి తీసుకుంది.