పట్టు విడిపించే మందు

మా కొట్లో మందులు కలిపి ఇస్తాను. నరాల జబ్బుతో కండరాలు బిగుసుకుపోయేవాళ్లలో కొందరికి మాత్ర మింగితే రోజంతా మత్తు. అలాంటివాళ్లకి డాక్టరు రాసిన పాళ్లలో అదే మందుని పూతగా చేస్తాను.

మొదట చేసింది మా అక్కకే. పిడికిలి బిగిస్తే ఒక పట్టాన విడిచేది కాదు. ఉంగరపు వేలైతే అరచేతికే అతుక్కుపోయింది, నా మందుకి కూడా లొంగలేదు. వేలితో పూత తీసుకోలేదని, కణుపు ఆనేలా డబ్బా మధ్యలో చిన్న గుంట చేసేదాన్ని.

"నా సింహాసనం తయారైందా?" అని ఆ గుంటని చూసి వెక్కిరించేది.

కొట్టు పైనే మా ఇల్లు. మేడమీద తన మంచం పక్కన గంట కట్టాను. మంచినీళ్లకైతే ఒకసారి మోగించేది. భయమేస్తే ఆగకుండా మోగించేది.

అక్క పోయి నెలైంది. ఆ గదికి తాళం వేశాను. ఇప్పుడు నన్ను పిలిచేవాళ్లు లేరు. ఒంటరితనం ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని నాకు తెలియదు.

ఒక సాయంత్రం దర్జీ ఆవిడ పూత చెయ్యమని చెప్పి వెళ్తూ అడిగింది.

"ఒక్కదానివే ఉంటున్నావు, భయమెయ్యదూ?"

"భయపెట్టడానికైనా ఎవరో ఒకరుండాలి కదండీ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆవిడ వెళ్లాక వాన పట్టుకుంది. పూత కలిపి డబ్బాలోకి ఎత్తాను. అలవాటు కొద్దీ మధ్యలో గుంట చేసేశాను. నాలుక కరుచుకుని, చదును చేసి, మూత కోసం వెనక్కి తిరిగాను.

కరెంటు పోయింది.

ఫోను వెలిగించాను. డబ్బాలో మళ్లీ గుంట... కణుపు గుర్తుతో సహా. తడి గోడల వాసనేదో గదంతా కమ్ముకుంది. ఫోను వెలుగు కూడా ఆరిపోయింది.

నా ఎడమ మణికట్టుని ఏదో పట్టుకుంది.

చల్లగా... గట్టిగా...

"అక్కా?" అన్నాను గుసగుసగా.

పట్టు బిగుస్తోంది. డబ్బాలోంచి పూత తీసి ఆ వేళ్లమీద రుద్దాను, ఒకప్పుడు అక్కకి రుద్దినట్టే. కాస్త కాస్త సడలుతున్నాయి. ఒకటి వదిలింది... ఇంకొకటి...

ఒక్కసారిగా ఏడుపొచ్చింది. నెలరోజులుగా నన్ను ముట్టుకున్నవాళ్లు లేరు. రుద్దడం ఆపేశాను.

"వద్దులే. ఉండిపో, అక్కా."

వదిలిన వేళ్లు మళ్లీ చుట్టుకున్నాయి.

అప్పుడే మేడమీద, తాళం వేసిన గదిలో గంట మోగింది. ఒకసారి కాదు... ఆగకుండా. నేను వెళ్లేదాకా ఊరుకోనన్నట్టు.

చీకట్లో, నా చెయ్యి పట్టుకున్న వేళ్లని తడిమి చూశాను. బొటనవేలు. చూపుడు వేలు. మధ్య వేలు. చిటికెన వేలు.

వాటి పక్కనే, బారుగా చాచి... అక్కకి ఎన్నడూ తెరుచుకోని ఉంగరపు వేలు.

"అక్కా!" అని అరిచాను.

పైన గంట ఆగిపోయింది.