కత్తెర వదిన ఆఖరి ఎత్తు

అన్యాయం జరిగింది కత్తెర వదినకి. జరిగింది మార్చి పదిహేడున, చీకటి పడ్డాక. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ కథ చెప్పేవాళ్ళంతా దెయ్యంతో మొదలుపెట్టి మనిషిని మర్చిపోతారు.

చోటు ఒక రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో మూడో అంతస్తు లిఫ్టు గుమ్మం. కింద అంతస్తులో కుట్టు, పై అంతస్తులో ప్యాకింగు, మధ్యలో కటింగ్ గది. రాత్రి డ్యూటీ ఆడవాళ్ళు మెట్లెక్కుతూ ఆ గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టి పరుగందుకుంటారు. ఎవరూ మీట నొక్కకుండానే లిఫ్టు తలుపు తెరుచుకుంటుందట. ఆ తరవాత తాళం వేసిన గదిలోంచి... "టక్".

"కత్తెర కింద పెడుతోందే," అంటుంది ఒకతె.

"కాదే, పావు జరుపుతోంది. చచ్చినా ఆటపిచ్చి వదల్లేదు చూడు!"

ఆ ఆటేమిటో చెప్పాలి. వదిన ఆ గదిలో పెద్ద కటింగు మేస్త్రీ. ఆమె ఆడపడుచు బళ్ళో లెక్కల టీచరమ్మ. ఇద్దరూ ఫోన్లలో చదరంగం ఆడేవాళ్ళు — మామూలు చదరంగం కాదు. ఇందులో చచ్చిన పావు చచ్చినట్టు పడుండదు, చంపినవాళ్ళ పక్షాన మళ్ళీ బల్లమీదికి దిగుతుంది. తొందర లేదు, ఒక్కో ఎత్తుకి రోజుల గడువు.

"ఏమ్మా ఆడపడుచూ, గుర్రానికి దాణా పెట్టలేక నా మీదికి తోలావా? నా పెరట్లో కట్టేసుకున్నాలే," అని రాసేది వదిన.

"కట్టేసుకో వదినా. తన్నిన రోజున తెలుస్తుంది," అని ఈవిడ.

టీచరమ్మ ఎత్తు వేసిందంటే చాలు, రెప్పపాటులో జవాబు. ఎలా అని అడిగితే, "నీ బుర్ర నాకు కొట్టినపిండి," అని నవ్వేది.

మార్చి పదిహేడు రాత్రి కూడా అంతే. ఎత్తు... వెంటనే జవాబు. సరిగ్గా అదే వేళకి లిఫ్టు తలుపు తెరుచుకుంది, లోపల మనిషెక్కే పెట్టె లేదు. వదిన అడుగు వేసింది.

"ఫోను చూసుకుంటూ పడింది. ఆ ఫోను కూడా గుంటలో నుజ్జయిపోయుంటుంది," అన్నాడు సూపర్‌వైజరు. విచారణకొచ్చినవాళ్ళు టీచరమ్మనీ అడిగారు. ఏడుస్తూనే ఉన్నది ఉన్నట్టు చెప్పింది: "ఎప్పుడు ఎత్తేసినా క్షణంలో జవాబొస్తుంది సార్. ఫోను చేతిలోంచి దించదేమో."

ఆ ఒక్క మాట చాలింది వాళ్ళకి. లిఫ్టులో లోపం లేదు, మనిషిదే అజాగ్రత్త అని తేల్చి చేతులు దులుపుకున్నారు. వదిన కూతురు వచ్చి అడిగింది: "అత్తా, అమ్మ ఆట వల్లే చచ్చిపోయిందా? నీతో ఆడే ఆట వల్లేనా?"

అప్పట్నించీ టీచరమ్మకి కంటిమీద కునుకు లేదు. రాత్రయితే చాలు, ఆటలో మాటలు రాసుకునే చోట "వదినా" అని ఒక్క ముక్క రాసి పంపేది. జవాబుండదు. అయినా పంపేది.

మార్చి ఇరవై ఆరున అన్నయ్య అన్నాడు, "నా వల్ల కాదే. మీ వదిన సామాను నువ్వే తెచ్చిపెట్టు."

బడి పని తెమిలి వెళ్ళేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. కాపలా అతను తాళంచెవి చేతిలో పెట్టి, "నేను పైకి రానమ్మా, ఏమనుకోకండి," అన్నాడు. మెట్లెక్కి వెళ్ళింది. ఆ అంతస్తులో ఫోన్లకి సిగ్నల్ ఉండదు, వైఫై ఒక్కటే దిక్కు. ఎప్పుడో వదిన కలిపిపెట్టిన వైఫైని టీచరమ్మ ఫోను దానంతటదే అందుకుంది. తెరమీద ఒక ముక్క: నీ వంతు. రేపటితో గడువు సరి.

గడువు దాటితే ఆట మూసుకుపోతుంది. వదినతో మిగిలిన ముచ్చట అదొక్కటే. బంటుని ముందుకి జరిపింది.

తాళం వేసిన గదిలో "టక్".

చేతిలోని ఫోనులో "టక్".

జవాబొచ్చింది... వదిన ఏనుగు కదిలింది!

కాళ్ళు మెట్లవైపు లాగుతున్నాయి. "ఉన్నావా వదినా?" అని గొణిగి, ఇంకో ఎత్తు వేసింది.

లోపల "టక్". చేతిలో "టక్".

పరిగెత్తేదే. కానీ పాపకి చెప్పాల్సిన జవాబు ఆ తలుపు వెనకే ఉందనిపించింది. తెరిచింది. గుడ్డపీలికల వాసన... పొడవాటి బల్ల... చచ్చినామె బల్లని ఎవరూ ముట్టుకోలేదు. దాని సొరుగులోకి ఒక ఛార్జర్ తీగ. లాగింది.

వదిన ఫోను! చెక్కుచెదరకుండా.

అంటే పడ్డప్పుడు వదిన చేతిలో ఫోనే లేదు. తెరమీద టీచరమ్మ పంపిన "వదినా"లు బారులు తీరున్నాయి. రాత్రి డ్యూటీవాళ్ళు విన్న చప్పుడు ఇదన్నమాట. ఆట తెరిచి చూస్తే 'ముందు జవాబులు' అని ఒక వరస. ఆడపడుచు ఇలా వేస్తే నా జవాబు ఇది అని పెట్టేస్తే, సమయానికి ఆటే వేసేస్తుంది. ఆవేళ భోజనాల వేళ వదిన పెట్టినవి మూడు. ఒకటి ఆ రాత్రి వెళ్ళింది. రెండు ఇప్పుడు. ఇక ఏమీ లేవు.

"కొట్టినపిండి అంటే ఇదా దొంగమొహమా!" అని నవ్వి, ఆ నవ్వులోనే భోరుమంది.

నమ్మకం కోసం ఇంకో ఎత్తు వేసింది. వదిన ఫోను టక్కుమంది. తన ఫోను పలకలేదు. ఎలా పలుకుతుంది? వదిన ఫోను ఆపేసి, సాక్ష్యం భద్రమని సంచిలో అడుగున పెట్టింది. అన్నయ్యకి చెప్పాలి, పాపకి చెప్పాలి... ఆ తొందరలో బయటికొచ్చింది.

పక్కనే లిఫ్టు తలుపు జరిగి తెరుచుకుంది.

తలుపు తెరుచుకుంటే కాలు ఆలోచిస్తుందా? లేచింది...

"టక్".

కాలు గాల్లోనే ఆగింది. చప్పుడు తన ఫోనుది. తీసింది. తెర వెలుగు ముందుకి పడింది —

నేల లేదు. పెట్టె లేదు. ఒట్టి చీకటి, కిందికి.

ఎంతసేపు గోడకి కరుచుకుపోయిందో ఆమెకే తెలీదు. తెల్లారి నలుగురి ముందు వదిన ఫోను పెట్టింది, తన మాట వెనక్కి తీసుకుంది. లిఫ్టుకి గొలుసు పడింది. వదిన మీద వేసిన నింద చెరిగింది. పాపకి జవాబు దొరికింది.

ఒక్కదానికే ఎవరి దగ్గరా జవాబు లేదు. సంచి అడుగున ఆ ఫోను ఆపింది ఆపినట్టే ఉంది. ఆటలో మాత్రం వదిన ఎప్పుడో చంపి కట్టేసుకున్న గుర్రం మళ్ళీ దిగి ఉంది. రాజుకి చెక్ కూడా కాదు. ఊరికే, దారికి అడ్డంగా నిలబడింది. పక్కన ఆట రాసిపెట్టుకున్న వేళ:

మార్చి ఇరవై ఆరు, రాత్రి తొమ్మిది గంటల నాలుగు నిమిషాలు.