మూలమంచం దిండు

ఆ వృద్ధుల హోమ్‌లో పనిచేసే ఆయాకి తోటివాళ్ళు పెట్టిన పేరు సుడిగాలి. మంచం దిగలేని ఆడవాళ్ళ వార్డు మొత్తం ఆమె ఒక్కతే చూసుకునేది. మిగతా వార్డుల ఆయాలు దుప్పట్లు సర్దడం పూర్తిచేసే లోపే ఆమె పనంతా చుట్టబెట్టేసి, వరండాలో టీ గ్లాసుతో కనిపించేది. కాళ్ళకి చక్రాలున్నాయా నీకు అని వంటామె ఆటపట్టిస్తే, ఉంటే ఈపాటికి ఎక్కడికో దొర్లిపోయేదాన్ని అని నవ్వేది.

ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే కిటికీ పక్క మంచంలో ఆమె కన్నతల్లి ఉంది. పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయిన మనిషి. జీతం తగ్గించుకుంటాను, మా అమ్మకో మంచం ఇప్పించండని మేనేజర్ని బతిమాలి మరీ సుడిగాలి ఇక్కడ చేరింది. ఉద్యోగం ఊడిందంటే తల్లి మంచమూ పోతుంది. ఆ సంగతి ఆమె నిద్రలో కూడా మరిచిపోలేదు.

మంచాన పడ్డవాళ్ళని అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఒకే తీరున పడుకోబెడితే ఒత్తిడికి చర్మం చితికి పుండు పడుతుంది. పట్టించుకోకపోతే అది ఎముక దాకా పోతుంది. పక్కకి తిప్పినవాళ్ళు మళ్ళీ వెల్లకిలా పడకుండా వీపు వెనక ఒక దిండు పెడతారు. ఆ హోమ్‌లో ఆ దిండే గుర్తు. మందులిచ్చే సిస్టరు గుమ్మంలో నిలబడి దిండ్ల వైపు ఓ చూపు చూస్తుంది. పొద్దున కుడిపక్కన ఉన్నవి సాయంత్రానికి ఎడమపక్కకి వచ్చాయంటే అందర్నీ తిప్పినట్టే. దుప్పటి ఎత్తి వీపు చూసే ఓపిక ఎవరికుంది?

సుడిగాలి వేగమంతా ఆ దిండులోనే ఉంది. తల్లిని మాత్రం నిజంగా తిప్పేది. తడిబట్టతో వీపు తుడిచి, ఆరనిచ్చి, కింద ముడత లేకుండా దుప్పటి లాగి, కంటికి రెప్పలా చూసుకునేది. మిగతావాళ్ళలో తేలికగా ఉన్నవాళ్ళనీ తిప్పేది. బరువైనవాళ్ళకి మాత్రం ఉత్త దిండు మార్చేది. మనిషి ఎక్కడి మనిషి అక్కడే, దిండు ఒక్కటే ఈ పక్క నుంచి ఆ పక్కకి.

అందరిలోకీ బరువు మూలమంచం టీచరమ్మ. ఎన్నో ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పిన మనిషి, గొంతు పెంచి ఎరగదు. వీపు మండుతోందమ్మా, కాస్త తిప్పవూ అని అడిగేది. మీరు బరువుగా ఉన్నారు టీచరమ్మా, కాసేపాగి వస్తాను అంటూ సుడిగాలి దిండు మార్చి వెళ్ళిపోయేది. రాదని ఆవిడకీ తెలుసు. అయినా సరేనమ్మా అనేది. చివరికి వాసన వచ్చింది. వాసన వచ్చాక గానీ ఎవరూ దుప్పటి ఎత్తలేదు, ఎత్తాక చెయ్యడానికేమీ మిగల్లేదు. ఆవిడ పోయిన రోజు సుడిగాలి స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, వెళ్ళి దిండ్లు మార్చింది.

తర్వాత మూలమంచంలోకి ఎవరూ రాలేదు. ఒట్టి రెక్సిన్ పరుపు, దాని కుడి అంచున ఒక దిండు. పక్కబట్టలన్నీ తీసుకుపోయినవాళ్ళు ఎందుకో దాన్ని వదిలేశారు.

ఒక రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. సాయంత్రానికే వార్డు మసకబడింది. సుడిగాలి తల్లిని కిటికీ వైపు తిప్పి, వీపు తుడిచి, వెనక దిండు సర్దింది. వీపు నున్నగా, శుభ్రంగా ఉంది. తడిబట్ట పిండుకుని వచ్చేసరికి తల్లి వెల్లకిలా ఉంది. దిండు కిటికీ పక్కకి చేరింది.

తానే సరిగ్గా పెట్టలేదనుకుంది. మళ్ళీ తిప్పి, దిండు గట్టిగా దోపి, పక్క మంచం ఆవిడకి నీళ్ళు తాగించడానికి వెళ్ళింది. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముసలివాళ్ళ ఊపిరి వినబడసాగింది. ఆ ఊపిరుల మధ్య ఇంకో చప్పుడు... రెక్సిన్ మీద ఎవరో ఒత్తిగిల్లబోయి, చేతకాక ఆగినట్టు.

సుడిగాలి టార్చి వేసింది. మూలమంచం ఖాళీ.

వెలుగు తల్లి మీదికి తిప్పింది. తల్లి వెల్లకిలా ఉంది. దిండు మళ్ళీ అటుపక్కనే. అప్పుడు తగిలింది వాసన. తియ్యగా, కుళ్ళుగా... ఆ వాసన ఆమెకి బాగా తెలుసు.

వంగి తల్లి చెవిలో అడిగింది.

"అమ్మా... ఎవరైనా వచ్చారా?"

"ఇందాకే వచ్చిందిగా. దిండు మార్చింది."

"ఎవరే?"

"నేను బరువుగా ఉన్నానట. కాసేపాగి వస్తానంది."

సుడిగాలి టార్చి నేల మీద పెట్టి, తల్లి భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి పోనిచ్చింది. ఎత్తితే బట్టల మూటంత ఉండే మనిషి. కదల్లేదు. పంటి బిగువున మళ్ళీ లాగింది... కదల్లేదు. మంచం కిర్రుమంది గానీ తల్లి చెయ్యి కూడా జరగలేదు. నడుం కింద పెట్టిన వేళ్ళకి ఏదో వెచ్చగా, జిగటగా తగిలింది. తల్లి సన్నగా మూలుగుతోంది.

గొంతు చించుకుని వంటామెని కేకేసింది. వంటామె దీపం పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగింది. అమ్మని తిప్పాలి, ఒక్క చెయ్యి వెయ్యమని సుడిగాలి వేడుకుంది. వంటామె దీపం ఎత్తి చూసింది.

"దిండు మార్చే ఉందిగా, ఇంకా ఏం తిప్పుతావు? పొయ్యి మీద గిన్నె ఉంది. కాసేపాగి వస్తాను."

దీపం వెళ్ళిపోయింది. సుడిగాలి ఏడుస్తూ లాగింది. తిట్టుకుంటూ లాగింది. తప్పయిపోయింది టీచరమ్మా, నన్ను చంపుకో, మా అమ్మేం చేసిందని చీకట్లోకి దండాలు పెట్టింది. వాసన ఇంకా పెరిగింది.

కరెంటు వచ్చేసరికి గుమ్మంలో సిస్టరు నిలబడి ఉంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నేరుగా కిటికీ పక్క మంచం దగ్గరికి వచ్చింది. ఇద్దరూ కలిసి చెయ్యి వేస్తే తల్లి తేలిగ్గా పక్కకి తిరిగింది, ఎప్పటిలాగే.

సుడిగాలి వంగి వీపు చూసింది. నడుం కింద అరచెయ్యంత పుండు. దాని లోపల తెల్లగా ఎముక.

"పొద్దున లేదండీ. ఇందాక నేనే తుడిచాను, శుభ్రంగా ఉంది. ఒట్టు సిస్టర్."

"ఇది ఒక పూటలో పడే పుండా? టీచరమ్మ పోయినప్పుడూ ఇదే మాటన్నావు. అప్పుడు నమ్మాను." సిస్టరు ఆమె వైపు అసహ్యంగా చూసింది. "కన్నతల్లికి కూడా ఉత్త దిండేనా?"

ఇక ఈవిడ ఎన్నాళ్ళో ఉండదని సిస్టరు గొంతు తగ్గించి చెప్పింది. ఉన్నన్నాళ్ళయినా ఇక్కడ ఉంచుతారో లేదో, రేపు మేనేజర్నే అడుక్కోమంది.

సుడిగాలి మంచం పక్కన కూలబడింది. ఈ ఒక్క మనిషిని ఏనాడూ అశ్రద్ధ చెయ్యలేదు. ఆ మాట చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. తల్లి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మా, నువ్వైనా చెప్పవే. నేను తిప్పానా, లేదా?"

తల్లి ఆమె వైపు చూడలేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూసింది. తరగతిలో జవాబు చెప్పే ముందు పిల్లలు టీచరు వైపు చూసినట్టు చూసింది. తర్వాత బుద్ధిగా తలూపింది.

"కాసేపాగి చెబుతానమ్మా."

సుడిగాలి వెనక్కి తిరిగింది. వార్డంతా వెలుగుగా ఉంది. వెనక ఎవరూ లేరు. మూలమంచం మీద ఒట్టి పరుపు, దాని మీద దిండు.

ఆ దిండు ఎడం అంచున ఉంది.