పై వాటాలో పసుపు గోడ

తెల్లారకముందే లేచి బేకరీలో పిండి పిసికి వచ్చినవాడు, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాడో లేదో, నెత్తిమీద మంచం నడవడం మొదలుపెట్టింది. కిర్రుమంటూ కిటికీ దాకా వెళ్ళింది. ఆగింది. మళ్ళీ గుమ్మం వైపు బయల్దేరింది.

ఇక లాభం లేదని బేకరీ అబ్బాయి మెట్లెక్కాడు.

తలుపు తీసింది పై వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుందట. సొంత కళ్ళజోడు మాత్రం ముక్కు చివరికి జారిపోయి ఉంది.

"ఏవండీ, మీ మంచానికి కాలు నిలవదా?"

"నిలుస్తుంది. ఎక్కడ నిలవాలో ఇంకా తేలలేదు. ఇంతకీ మీరెవరు?"

"మీ మంచం కింద పడుకునేవాణ్ణి."

అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"కింద వాటాలో అనాలి. సరే, ఎలాగూ వచ్చారుగా, ఆ చివర పట్టుకోండి."

పోట్లాడ్డానికి వెళ్ళినవాడు మంచం మోశాడు. ఆ తర్వాత బీరువా కూడా. మధ్యలో ఊపిరి తీసుకుంటూ అడిగాడు, "అద్దె ఇంటికి ఇంత హంగామా దేనికండీ?"

"మా నాన్నకి అస్తమానూ బదిలీలు. ఏ ఇంట్లోనూ ఒక బొమ్మ తగిలించనిచ్చేది కాదు మా అమ్మ. రేపో మాపో పోయేవాళ్ళం, ఎందుకే అనేది. పెట్టెలు విప్పకుండానే పెరిగాను నేను. ఇది నా సంపాదనతో తీసుకున్న మొదటి ఇల్లు. అద్దెదైతేనేం, నాదే."

"మేకు కొట్టొద్దు, రంగు వెయ్యొద్దు అన్నారుగా ఓనర్ బాబాయిగారు?"

"అవి రెండూ చెయ్యను. మిగతావన్నీ చేస్తాను."

అన్నంత పనీ చేసింది. కిటికీ ఊచలకు తాడు కట్టి ఫోటోలు క్లిప్పులతో తగిలించింది. పాత దుపట్టాలు కర్టెన్లయ్యాయి. అతను బేకరీ నుంచి తెచ్చిన ఖాళీ డబ్బాల్లో మొక్కలు మొలిచాయి. ఆదివారం వస్తే చాలు, అతనికి పైన ఏదో ఒక పని తగిలేది. తగలని ఆదివారం తనే మెట్ల మీద నిలబడి, "ఏమైనా జరపాలా?" అని అడిగేవాడు.

"ఈ తెల్ల గోడ చూస్తే ఆస్పత్రిలో ఉన్నట్టుందండీ," అంది ఒక వానరోజు.

"గోడకి వెయ్యొద్దన్నారు గానీ, గుడ్డకి వెయ్యొద్దనలేదుగా!"

పాత దుప్పటి గోడకి టేపుతో అంటించి, ఇద్దరూ పసుపు రంగు వేశారు. బయట వాన దంచుతోంది. "మీ ముక్కుకి రంగంటింది," అంది ఆమె. "ఎక్కడ?" అని అతను తడుముకోబోతే, "ఇక్కడ," అంటూ బ్రష్షుతో అప్పుడే అంటించింది. ఆ నవ్వు చూస్తూ అతను చేస్తున్న పని మరిచిపోయాడు.

సాయంత్రం దుప్పటి తీసి చూశారు. రంగంతా గోడలోకి ఇంకిపోయింది. తడిగుడ్డతో తుడిచేసరికి మరింత పాకింది.

సరిగ్గా అప్పుడే, స్లాబు కారుతోందేమో చూద్దామని ఓనర్ బాబాయిగారూ పిన్నిగారూ గొడుగేసుకుని వచ్చారు. స్టిక్కర్లు అంటించినందుకే ముందున్నవాళ్ళని ఖాళీ చేయించిన మనిషాయన.

"మళ్ళీ పెట్టెలు సర్దుకోవాలి కాబోలు," అని ఆమె గొణిగింది. పైన చప్పుడు లేని ఇల్లు ఊహించుకుంటే అతనికి ఇక నిద్రే పట్టదనిపించింది.

"ఎవరి పనిది?" బాబాయిగారు ఉరిమారు.

"నాదేనండీ!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"ఐడియా నాది," అన్నాడతను.

"అబద్ధం బాబాయిగారూ! దుప్పటి నాది, రంగు నేనే కొన్నాను."

"చిక్కగా పూసింది నేను!"

"మీరు పూసింది మూలన! ఇది నేను పూసిన చోటు!"

పిన్నిగారు పకపకా నవ్వారు. "ఏమండీ, తప్పు నాదంటే నాదని పోట్లాడుకునేవాళ్ళని ఎప్పుడైనా చూశారా? మన పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరొక్కసారైనా ఆ మాటన్నారా?"

బాబాయిగారు గొంతు సవరించుకున్నారు. "మచ్చలా వదిలేస్తే చూడ్డానికి బాగుండదు. గోడంతా శుభ్రంగా వేసెయ్యండి. ఏ రంగైనా సరే, ముందు ఇద్దరూ ఒక మాట మీదికి రండి."

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయారు.

"ఏ రంగు వేద్దాం?" అడిగింది ఆమె.

"ఉండేది మీరు. నన్నడుగుతారేం?"

ఆమె కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుస్తూ, తల ఎత్తకుండానే అంది, "ఎల్లకాలం నేనొక్కదాన్నే ఉంటానని ఎవరన్నారు?"

అతనికి ఆ మాట తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది.

"త్వరగా చెప్పండి. నాకు భయంగా ఉంది," అంది.

"పసుపే," అన్నాడు.

"అది రంగు సంగతి. రెండోది?"

"రెండోది... మా అమ్మని తీసుకొచ్చి మీ అమ్మగారిని అడిగిస్తాను."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని, అతన్ని తీరిగ్గా, తనివితీరా చూసింది.

"వచ్చే ఆదివారం రమ్మనండి. అప్పటికి గోడ ఆరుతుంది."